తేల్చుకోవద్దు, పెట్టేయండి

సైబర్ మోసాల గురించి ప్రచారానికి ఇప్పుడు లోటేమీ లేదు. పోలీసులు కాలేజీలకు వెళ్లి చెబుతున్నారు. బ్యాంకులు వారం వారం మెసేజ్‌లు పంపుతున్నాయి. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి తన మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్టు గురించి, అంటే పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లో కట్టేసి డబ్బు గుంజే మోసం గురించి, ప్రత్యేకంగా మాట్లాడారు. కొన్ని నెలల పాటు ఎవరికి ఫోన్ చేసినా రింగు కంటే ముందు హెచ్చరికే వినిపించింది. అయినా కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్కల ప్రకారం సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్న సొమ్ము 2022లో సుమారు 2,300 కోట్ల రూపాయలు, 2023లో 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు. ఫిర్యాదు చేయడానికి ముందుకు వచ్చేవాళ్లు పెరిగారు కాబట్టి లెక్క కూడా పెరిగిందని కొంత తగ్గించి చూసినా, ఆ రెండేళ్లలో ఏటా మూడింతలైన నష్టాన్ని అది కప్పలేదు. ఈ ప్రచారమంతా ఒకే మాట చుట్టూ తిరుగుతోంది: మోసపు కాల్‌ను గుర్తించండి. ఆ మాటలోనే లోపం ఉందని నా అభిప్రాయం. గుర్తించడానికి కావలసిన సమయం, సమాచారం, స్థిమితం మూడూ లేని క్షణంలో ఆ పనిని ఫోన్ ఎత్తినవాళ్ల నెత్తిన పెడుతున్నాం. అవతలివాడు దొంగో దొరో తేల్చుకోవలసిన బాధ్యత మనది కాదు. ఎవరైనా సరే, తనంతట తాను వచ్చిన కాల్ మీద డబ్బు సంగతి గానీ, పాస్‌వర్డుల వంటి గుట్టు సంగతి గానీ నడపకపోవడం ఒక్కటే మన బాధ్యత.

గుర్తుపట్టడం ఎందుకు కుదరదో చూడాలంటే ఈ మోసాలు నడిచి వచ్చిన దారి చూడాలి. మొదట జార్ఖండ్‌లోని జాంతాడా పేరు దేశమంతా తెలిసింది. అప్పుడు ఏటీఎం కార్డు బ్లాక్ అయిందని చెప్పి కార్డు నంబరు, ఓటీపీ అడిగేవాళ్లు. ఓటీపీ చెప్పకూడదని జనం నేర్చుకునేసరికి కేవైసీ అప్‌డేట్ వచ్చింది. తర్వాత ఈ రాత్రికే కరెంటు కట్ చేస్తామన్న మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత మీ పేరు మీద ముంబై నుంచి తైవాన్ వెళ్తున్న పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయన్న కొరియర్ కథ, షేర్ల చిట్కాలు చెప్పే వాట్సాప్ గ్రూపులు, ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు. హెచ్చరిక పోస్టరు గోడకెక్కేసరికి కథ మారిపోతోంది. నిన్నటి కథను బట్టీ పట్టినవాళ్లకు నేటి కథ నిజంలా కనిపిస్తుంది, ఎందుకంటే తమకు తెలిసిన మోసాల జాబితాలో అది లేదు. నంబరు చూసి పోల్చుకుందామా అంటే అదీ నమ్మకం లేదు. విదేశాల నుంచి వస్తూనే మన దేశపు నంబరులా కనిపించే కాల్స్‌ను ఆపడానికి టెలికాం శాఖ 2024 అక్టోబర్ 22న ఒక వ్యవస్థను ప్రారంభిస్తే, మొదటి 24 గంటల్లోనే అది అడ్డుకున్నవి 1.35 కోట్ల కాల్స్. స్క్రీన్ మీద కనిపించే పది అంకెలకు ఉన్న విలువ ఎంతో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

డిజిటల్ అరెస్టు కాల్ ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూడటం మంచిది. మొదట వచ్చేది మనిషి గొంతు కాదు, రికార్డు చేసిన మాట: మీ మొబైల్ కనెక్షన్ మరో రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకు 9 నొక్కండి. ఆ 9 నొక్కడంలోనే సగం పని అయిపోతుంది. తానే అడిగి మాట్లాడుతున్నాననే భావన మనిషికి అక్కడే కలుగుతుంది. లైన్‌లోకి వచ్చినవాడు మర్యాదగా మాట్లాడతాడు, మీ ఆధార్ మీద ఎవరో సిమ్ తీసుకుని నేరాలు చేశారంటాడు, మీకు సాయం చేయడం కోసమే ముంబై పోలీసులకు కలుపుతానంటాడు. పోలీసు అధికారి ఆధార్ నంబరు, ఇంటి అడ్రసు గడగడా చదువుతాడు. అవి ఎక్కడో లీకైన డేటా నుంచి వచ్చాయన్న ఆలోచన ఆ నిమిషంలో ఎవరికీ రాదు. వాట్సాప్ వీడియో తెరుచుకుంటుంది. యూనిఫాం, వెనక స్టేషన్ లాంటి గది, మూడు సింహాల ముద్ర ఉన్న నోటీసు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి, ఇది దేశ భద్రత విషయం, భార్యకు గానీ పిల్లలకు గానీ చెబితే వాళ్లూ కేసులో ఇరుక్కుంటారు, ఫోన్ పెట్టేస్తే అరెస్టు వారెంటు అమలవుతుంది. అలా గంటలు, ఒక్కోసారి రోజులు. చివర్లో వచ్చేది డబ్బు: మీ ఖాతాలో ఉన్నదంతా తనిఖీ కోసం రిజర్వు బ్యాంకు ఖాతాకు పంపండి, సక్రమమని తేలితే తిరిగి వస్తుంది. ఈ వరసలో ఏ మెట్టు చూసినా నమ్మించడానికి చేసే ప్రయత్నం తక్కువే. ఒక్కో మెట్టు ఒక్కో దారి మూస్తుంది. ఇంకొకరిని అడిగే దారి, ఆగి ఆలోచించే దారి, లేచి బయటికి వెళ్లే దారి. అన్నీ మూసుకుపోయాక మనిషి నమ్ముతున్నాడా లేదా అన్నది పెద్ద లెక్కలోకి రాదు; చెప్పినట్టు చేస్తాడు.

చదువుకున్నవాళ్లు ఇందులో పడరు, అత్యాశ ఉన్నవాళ్లే మోసపోతారు అనే మాట ఇంకా వినిపిస్తూ ఉంటుంది. షేర్ల గ్రూపుల విషయంలో ఆశ పాత్ర కొంత ఉంది, కాదనలేం. కానీ డిజిటల్ అరెస్టు ముందు ఆ మాట నిలవదు. 2024లో పంజాబ్‌కు చెందిన ఒక పెద్ద జౌళి సంస్థ అధిపతి సుప్రీంకోర్టు విచారణ అని నమ్మి 7 కోట్లు పంపారు. వీడియోలో ఆయనకు చూపించినది ప్రధాన న్యాయమూర్తి కోర్టుగా అలంకరించిన దృశ్యం. వ్యాపారంలో వేల కోట్లు చూసిన మనిషికి లోకజ్ఞానం లేదని ఎవరనగలరు? 2025లో హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు నకిలీ కోర్టు ఉత్తర్వులు చూసి కోటి రూపాయలకు పైగా పోగొట్టుకుని నేరుగా సుప్రీంకోర్టుకే లేఖ రాశారు. అక్టోబర్‌లో కోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. అదే ఏడాది హైదరాబాద్‌లో ఒక విశ్రాంత వైద్యురాలు ఇలాంటి నిర్బంధంలో రోజుల తరబడి నలిగి గుండెపోటుతో చనిపోయారు. ఈ కథల్లో ఎక్కడా ఆశ లేదు. ఉన్నది ఏ తప్పూ చేయని మనిషికి పోలీసు పేరు వింటే పుట్టే భయం. జీవితంలో ఒక్కసారి కూడా స్టేషన్ గడప తొక్కనివాళ్లకే ఆ భయం ఎక్కువ, ఎందుకంటే అసలు పోలీసు ఎలా నడుచుకుంటాడో వాళ్లకు తెలియదు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. విచారణకు రమ్మని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద పోలీసులు ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలోనే స్పష్టం చేసింది. ఇవి అందరూ తెలుసుకోవలసినవే. అయితే తెలిసిన సంగతి భయంలో గుర్తుకు రావడం వేరే విషయం. హోం శాఖ లెక్కల్లోనే 2024లో డిజిటల్ అరెస్టు, దాని వంటి నేరాలు 1,23,672 నమోదయ్యాయి. అంతమందీ అమాయకులని అనుకోవడం మనకు ధైర్యం ఇస్తుందేమో గానీ, అందులో నిజం లేదు.

ఇంకో సంగతి, లైన్ అవతల ఉన్నది ఒంటరి మోసగాడు కాదు. 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పిన అంచనా ప్రకారం ఆన్‌లైన్ మోసాల కోసం బలవంతంగా పని చేయిస్తున్నవాళ్లు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది. ఈ మోసపు కర్మాగారాలు మనకు దూరమేమీ కావు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియాకు తరలిస్తున్న ముఠాను 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. అక్కడికి చేరగానే పాస్‌పోర్టులు లాక్కోవడం, చెప్పినట్టు చేయకపోతే కొట్టడం, అన్నం పెట్టకపోవడం, ఆ తర్వాత తెలుగు మాట్లాడేవాళ్లకు తెలుగులోనే ఫోన్ చేయించడం. మరుసటి మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. ఇది తెలిస్తే రెండు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, మనకు వినిపించే మాటలు వేలమంది మీద ప్రయోగించి, పనిచేయనివి తీసేసి, పనిచేసినవి ఉంచి సానబట్టిన మాటలు. అవి మొదటిసారి వింటున్న మనిషి తన తెలివితో వాటిని ఎదుర్కోవాలని ఆశించడం న్యాయం కాదు. రెండు, మోసగాడని తెలిసి కూడా సరదాకు మాట్లాడుతూ, వాణ్ని ఏడిపించి వీడియోలు పెట్టేవాళ్లు సాధించేది చాలా తక్కువ. అవతల కూర్చున్నవాడు చాలాసార్లు శ్రీకాకుళం నుంచో అనకాపల్లి నుంచో వెళ్లి ఇరుక్కున్న పిల్లవాడు కావచ్చు. వాణ్ని కూర్చోబెట్టిన యజమానికి ఆ తిట్లు చేరవు. పైగా నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడు కూడా మన గొంతు, మన పేరు, మన ఫోన్ పనిచేస్తుందన్న సంగతి వాళ్లకు చేరుతూనే ఉంటాయి.

అందుకే కాల్ నిజమా కాదా అన్న ప్రశ్నే వద్దు. వచ్చిన కాల్‌లో డబ్బు, ఓటీపీ, పిన్, ఆధార్, కార్డు, ఫలానా యాప్ దించుకోండి, స్క్రీన్ చూపించండి, లైన్‌లోనే ఉండండి, ఎవరికీ చెప్పకండి, వీటిలో ఏ ఒక్క మాట వినిపించినా పెట్టేయడమే. చెప్పేవాడు నిజంగా బ్యాంకు మేనేజరే అయినా సరే. తర్వాత మనమే ఫోన్ చేస్తాం, మనకు ముందే తెలిసిన నంబరుకు: కార్డు వెనక ముద్రించినది, పాస్‌బుక్ మీద ఉన్నది, బ్రాంచిలో రాసుకున్నది. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికి పైన కనిపించిన నంబరుకు చేయకూడదు; దొంగ నంబర్లను అక్కడ నాటడం ఒక ప్రత్యేక వృత్తిగానే నడుస్తోంది. అవతలివాడు స్టార్ 401 లాంటి కోడ్ నొక్కమంటే అది మన కాల్స్‌ను వాడి నంబరుకు మళ్లించే ఏర్పాటు. ఈ బెడద వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి అలాంటి కోడ్‌లతో కాల్ మళ్లింపును టెలికాం శాఖ నిలిపివేయించింది. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, వెళ్లడానికే కావాలి. డబ్బు వస్తుందని చెప్పి పిన్ అడిగే స్క్రీన్ చూపించారంటే మన డబ్బు పోబోతోందని అర్థం. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు, అది పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చినా, చుట్టాల నంబరు నుంచి వచ్చినా, తెరవకూడదు; ఆ చుట్టం ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండి ఉండవచ్చు.

ఇలా పెట్టేసుకుంటూ పోతే నిజంగా అవసరమైన కాల్స్ పోవా అన్నది న్యాయమైన సందేహం. పోయేది ఏమిటో లెక్క వేసి చూద్దాం. బ్యాంకులు లావాదేవీల కోసం చేసే కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లనే, ప్రచారపు కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లనే వాడాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. కాబట్టి మామూలు మొబైల్ నంబరు నుంచి బ్యాంకు పేరు చెప్పేవాడి మాట వినకపోయినా నష్టం లేదు. 1600 నుంచి వచ్చినా తిరిగి మనమే చేయడంలో ఐదు నిమిషాలకు మించి పోదు. నిజమైన ఎస్సై ఫోన్ చేస్తే స్టేషన్‌కు రమ్మంటాడు. పెట్టేసి 112కు గానీ ఆ స్టేషన్‌కు గానీ చేసి కనుక్కుని, తోడుగా ఒకరిని తీసుకుని వెళ్లవచ్చు. గేటు దగ్గర నిలబడ్డ డెలివరీ కుర్రాడు అడిగే ఓటీపీ ఒక్కటే నిజమైన మినహాయింపు. అక్కడ కూడా చెప్పేముందు మెసేజ్ పూర్తిగా చదవాలి, ఆ ఓటీపీ దేనికోసమో అందులోనే రాసి ఉంటుంది. అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. మాట్లాడుతున్నవాళ్ల మీద ఫోన్ పెట్టేయడం మన ఇళ్లలో పెద్దవాళ్లకు అమర్యాదగా తోస్తుంది. అందులోనూ అవతల ఆఫీసరు అంటే మరీను. ఈ మర్యాదను మోసగాళ్లు బాగా వాడుకుంటున్నారు. అందుకని మర్యాద చెడకుండా అనగలిగిన ఒక వాక్యాన్ని పెద్దవాళ్లకు ముందే నోటికి అలవాటు చేయాలి: "మా అబ్బాయితో మాట్లాడి నేనే చేస్తానండీ." ఇది అన్నాక కూడా అవతలివాడు లైన్‌లో ఉండమని పట్టుబడితే ఇక ఆలోచించనక్కరలేదు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రుల ఇళ్లు ఈ విషయంలో ప్రత్యేకంగా బలహీనం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో మధ్యాహ్నం ఈ కాల్ వస్తే డాలస్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. పిల్లలను లేపడం ఇష్టం లేక ఆగిపోతారు. ఇక్కడే ఉన్న ఒక మనిషిని, మేనల్లుణ్నో పక్కింటివాళ్లనో, డబ్బు విషయంలో ముందుగా అడగవలసినవారిగా అనుకుని పెట్టుకోవాలి. పిల్లల గొంతునే అనుకరించి యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపమని వచ్చే కాల్స్ కోసం ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక గుర్తుమాట ఉండాలి. అటు చదువుకోవడానికి వెళ్లిన పిల్లలదీ ఇదే పరిస్థితి: ఇమ్మిగ్రేషన్ ఆఫీసు పేరుతో, భారత రాయబార కార్యాలయం నంబరే కనిపించేలా కాల్ చేసి వీసా రద్దవుతుందని బెదిరిస్తారు. అక్కడా ఇదే పద్ధతి, కాల్ పెట్టేసి కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి మనమే చేయడం. అయితే ఇంట్లో అన్నిటికంటే ముందు మారవలసింది పిల్లల మాటతీరు. "ఇంత చదువుకుని ఎలా నమ్మావు నాన్నా?" అన్న ఒక్క మాట వినవలసి వస్తుందన్న భయంతో ఎంతోమంది పెద్దవాళ్లు రెండు రోజులు నోరు విప్పరు. ఆ రెండు రోజుల్లోనే డబ్బు చేయి దాటిపోతుంది.

ఎందుకంటే పోయిన సొమ్ము ఒక ఖాతాలో ఆగదు. కమిషన్‌కు ఆశపడి తమ ఖాతాను అద్దెకు ఇచ్చినవాళ్ల నుంచి మరొకరికి, అక్కడి నుంచి ఇంకొకరికి ముక్కలు ముక్కలుగా వెళ్లి, నగదుగానో క్రిప్టోగానో మారిపోతుంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయగానే జరిగేది ఈ గొలుసులో డబ్బు ఇంకా ఎక్కడుందో అక్కడ దాన్ని నిలిపేయడం. అందుకు పోలీసులకు ముందు కావలసింది కథ కాదు: ఏ ఖాతా నుంచి, ఎంత, ఎన్ని గంటలకు, యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు. ఇవి చేతిలో పెట్టుకుని చేయాలి. చాట్‌లు, కాల్ వివరాలు చెరపకూడదు. 2021 నుంచి ఈ ఏర్పాటు వల్ల దేశంలో 5,400 కోట్లకు పైగా సొమ్ము నేరగాళ్లకు చేరకుండా ఆగిందని 2025 జూలైలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. తెలంగాణలో అలా నిలిచిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. పోయినదాన్ని ఫీజు తీసుకుని రప్పిస్తామని తర్వాత ఫోన్ చేసేవాళ్లు మాత్రం రెండో విడత దొంగలే.

ఇంత చెప్పాక కూడా ఒక ఆరోపణ మిగులుతుంది: భారమంతా మళ్లీ మనిషి మీదే వేశారు కదా అని. అది నిజమే, అందుకే బ్యాంకుల సంగతి మాట్లాడాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులర్ ప్రకారం బ్యాంకుదీ ఖాతాదారుదీ తప్పు కాని మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం ఉండదు. కానీ భయంతో వణుకుతూ మనిషి తన చేత్తో తానే పంపిన డబ్బుకు ఆ రక్షణ వర్తించదు. డిజిటల్ అరెస్టు బాధితులంతా దాదాపు ఈ రెండో కోవలోకే వస్తారు. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 7 నుంచి ఇలా మోసపోయి పంపిన సొమ్మును కూడా 85,000 పౌండ్ల దాకా పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం భరించి తిరిగి ఇవ్వాలి. దొంగ ఖాతా తెరిచిన బ్యాంకు జేబులోంచి డబ్బు పోతేనే ఆ ఖాతా తెరిచేటప్పుడు జాగ్రత్త పుడుతుంది. మన దగ్గర లేనిది సరిగ్గా అదే. సింగపూర్ 2025లో చేసిన చట్టం మరో దారి పట్టింది: ఎంత చెప్పినా వినకుండా మోసగాడికి డబ్బు పంపబోతున్న మనిషి ఖాతాను 30 రోజుల దాకా ఆపించే అధికారం పోలీసులకు ఇచ్చింది. నా డబ్బు నా ఇష్టం అనేవాళ్లకు ఇది అతిగా కనిపించవచ్చు, కానీ మోసగాడి అదుపులో ఉన్న మనిషి ఇష్టం ఆ గంటలో అతనిది కాదు.

ఇలాంటివి పెడితే యూపీఐ వేగం పోతుందన్న వాదనకు బలం తక్కువ. టీకొట్టు దగ్గర పంపే 20 రూపాయలకు ఎవరూ ఆటంకం కోరడం లేదు. ఎన్నడూ డబ్బు పంపని ఖాతాకు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి మరీ, ఒక వృద్ధుడు 15 లక్షలు ఆర్టీజీఎస్ చేస్తుంటే ఒక రోజు ఆగడం వల్ల ఏ వ్యాపారమూ ఆగిపోదు. హైదరాబాద్‌లోనే బ్రాంచి సిబ్బంది ముఖం చూసి అనుమానించి, ఎందుకు తీస్తున్నారని పదే పదే అడిగి, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయించి డబ్బు కాపాడిన సందర్భాలున్నాయి. స్థలం కొంటున్నానని చెప్పమని మోసగాడు ముందే నేర్పిన జవాబును వాళ్లు నమ్మలేదు. ఆ అనుమానం ఒక గుమస్తా మంచితనం మీద ఆధారపడకుండా, పెద్ద మొత్తం కొత్త ఖాతాకు వెళ్లే ప్రతిసారీ జరగవలసిన నియమం కావాలి. 2025 డిసెంబర్ 1న సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్టు కేసుల దర్యాప్తును దేశమంతటా సీబీఐకి అప్పగిస్తూ, అనుమానాస్పద ఖాతాలను కృత్రిమ మేధతో పసిగట్టి స్తంభింపజేయడం ఎందుకు జరగడం లేదని రిజర్వు బ్యాంకును ప్రశ్నించింది. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులో అద్దె ఖాతాల పట్టివేతతో పాటు ఈ ఒక్క రోజు ఆగడం, అందుకున్న బ్యాంకు నష్టం పంచుకోవడం కూడా ఉండాలి.